ఏడో మడికి సెలవు: డెబ్బై గుంటల కమతంలో నమ్మకంతో సేద్యం, నలుగురికి నేర్పడం

దేవుడి మీద భారం వేసి సేద్యం చేస్తున్నామని చెప్పే ఇళ్ళల్లో కూడా చాలాసార్లు పొలంలో జరిగేది పక్కవాళ్ళు చేసేదే. పూజ పూజే, ప్రార్థన ప్రార్థనే, యూరియా యూరియానే. నమ్మకం తారీకుగా, గుంటలుగా, కిలోలుగా మారితేనే మట్టికి అందుతుంది. చూసి నేర్చుకుందామని వచ్చిన మనిషికి కూడా అప్పుడే ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది. ఇక్కడ చెప్పేవి అట్లా లెక్కలోకి మార్చుకున్న కట్టుబాట్లు. ఏ మతం ఇల్లయినా తమ పేర్లు పెట్టుకుని వాడుకోవచ్చు.

మడులు గీసుకోవడం

లెక్క తేలిగ్గా ఉండటానికి ఎకరం మీద ముప్ఫై గుంటలు, అంటే 70 గుంటల కమతం అనుకుందాం (ఎకరానికి 40 గుంటలు). దాన్ని ఏడు మడులు చేస్తే ఒక్కోటి 10 గుంటలు. 10 గుంటలంటే పావెకరం కాబట్టి ఎకరానికి చెప్పే ఏ మోతాదునైనా నాలుగుతో భాగిస్తే చాలు. కాగితం మీద గీసి, మడులకు నంబర్లు వేసి, ఆ కాగితాన్ని కొట్టంలో గోడకు అంటించండి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు మొదట చూడాల్సింది అదే.

వరంగల్, జనగామ, మహబూబాబాద్ వైపు కమతాల్లో చాలా వాటికి మీది భాగం ఎర్ర చల్క (ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల), కుంట వైపు కింది భాగం బరువు నేల. మీది నాలుగు మడుల్లో పత్తి-కంది, మిర్చి, మక్కలు, కూరగాయలు మారుస్తూ వేసుకోవచ్చు. కింది మూడింట్లో వరి. ఈ ఏడు మడుల్లో ఏటా ఒకదానికి సెలవు. ఏడేళ్ళు తిరిగేసరికి ప్రతి మడీ ఒకసారి సెలవు తీసుకుంటుంది.

బైబిల్ పాత నిబంధనలో ఉన్నది ఏడో ఏట భూమంతటికీ ఒకేసారి విశ్రాంతి. రెండెకరాలు కూడా లేని ఇంట్లో అది నడవదు. తిండిగింజలు, గడ్డి రెండూ ఒకే ఏడు ఆగిపోతాయి. ఏటా ఏడో వంతుకు ఇవ్వడం చేయగలిగే రూపం. సెలవు మడి వల్ల ఆ ఏడు అమ్మకానికి వచ్చే పంటలో సుమారు 14 శాతం తగ్గుతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఒప్పించుకోవాలి. లేకపోతే మూడో ఏడు అప్పు తీర్చాల్సి వచ్చినప్పుడు మొట్టమొదట పోయేది ఆ సెలవే.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: సెలవంటే దున్ని వదిలేయడం అనుకుంటారు. ఎండకు, వానకు బట్టబయలుగా ఉన్న నేలకు విశ్రాంతి ఉండదు. వానకు మీది మెత్తటి మన్ను కొట్టుకుపోతుంది, మిగిలినచోట గరిక, తుంగ, వయ్యారిభామ పాతుకుంటాయి. మరుసటి ఏడు కలుపు కూలికే పంట డబ్బు సరిపోతుంది. సెలవు మడి ఎప్పుడూ ఏదో ఒక ఆకు కప్పుకునే ఉండాలి.

చల్క మడికి జనుము, బరువు నేలకు జీలుగ. జనుము నిలవ నీటికి తట్టుకోదు, జీలుగ తట్టుకుంటుంది. ఎకరానికి జనుము 16 కిలోలు, జీలుగ 12 కిలోలు. మన మడికి 4 కిలోలు, 3 కిలోలు. మిరుగం తరువాత మొదటి మంచి పదునులో చల్లి, గొర్రుతో పైపైన కలిపేయాలి. 45-50 రోజులకు పూత మొదలవుతుంది. అప్పుడే కలియదున్నాలి. ఇంకా పెరుగుతుందిలే అని 60 రోజులు దాటనిస్తే కాడ నారబారుతుంది. నారబారిన కాడను కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే వాడుకుంటాయి, తరువాత వేసిన పైరు పసుపు పచ్చగా నిలబడిపోతుంది. చల్కలో ఇంకో చిక్కు ఉంది. కలియదున్నాక వారం పది రోజులు వాన లేకపోతే ఆ ఆకు కుళ్ళదు, చెదలు పడతాయి. బోరు ఉంటే ఒక తడి ఇవ్వండి. లేకపోతే దున్నకుండా కోసి నేలమీదే పరచండి.

ఆగస్టు చివర చల్కలో ఉలవ (మడికి 2 నుంచి 2.5 కిలోలు), బరువు నేలలో పిల్లిపెసర (2.5 కిలోలు). సెలవు మడిలో పండింది అమ్మకూడదనేది కట్టుబాటు. ఏడో ఏటి పంట పేదలకు, వాళ్ళు తినగా మిగిలింది జంతువులకు అని నిర్గమకాండంలో ఉంది. ఉలవకాయ ఎవరు తెంపుకుపోయినా సరే, మిగిలింది పశువులు మేస్తాయి. ఎండాకాలంలో అదే మడిలో గొర్ల మంద కట్టించండి. మంద ఉన్న చోటును ప్రతి రాత్రీ జరపాలి, మంద లేచిన రెండు రోజుల్లోపే పైపైన దున్నాలి. ఎండలో వదిలేస్తే మూత్రంలోని నత్రజని గాలిలో కలిసిపోతుంది, మందకు ఇచ్చిన డబ్బులూ దానితోపాటే పోతాయి.

మరుసటి ఏడు ఆ మడికి ఎక్కువ బలం గుంజే పంట వేయాలి: చల్క అయితే మిర్చి, కింది మడి అయితే వరి.

పెండ లెక్క

జీవామృతం గురించి వినని రైతు లేడు. కొలత ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పెండ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది నుంచి గుప్పెడు మన్ను. ఒక మడికి 50 లీటర్లు చాలు: 2.5 కిలోల పెండ, 2 లీటర్ల మూత్రం, అర కిలో బెల్లం, అర కిలో పిండి. ప్లాస్టిక్ డ్రమ్ములో, నీడలో, పైన గోనెసంచి కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పితే 48 గంటల్లో తయారవుతుంది. వారంలోపు వాడాలి. పైన నురుగు వచ్చి పులిసిన వాసన వస్తే సరిగ్గా ఉన్నట్టు. కుళ్ళిన మాంసం వాసన వస్తే తిప్పడం మానేశారని లేదా ఎండ తగిలిందని అర్థం. దాన్ని పెంటకుప్ప మీద పోయండి, పైరు మీద వద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళే గతి అయితే ఒక రోజు మూత తీసి పెట్టి, క్లోరిన్ పోయాక వాడాలి. డ్రిప్పులో వదిలేట్టయితే రెండు మడతల గుడ్డతో వడగట్టాల్సిందే. ఆకుల మీద చల్లాలంటే 10 లీటర్లలో ఒక లీటరు మించకూడదు.

(మేడారంలో బంగారమని మొక్కే బెల్లమే ఇది. డ్రమ్ములో వేయడానికి మనసొప్పని పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళతో వాదించకుండా పండిన తాటిపండ్ల గుజ్జు వాడండి. తీపి ఉంటే చాలు.)

ఇక జీవామృతంతోనే పంట పండుతుందని నేర్పడం ఎందుకు తప్పో లెక్క చూడండి. పచ్చి పెండలో నత్రజని సుమారు 0.3 శాతం. 10 కిలోల్లో 30 గ్రాములు. మూత్రం, పిండి కలిపినా 200 లీటర్ల డ్రమ్ములో నత్రజని పావు కిలో దాటదు. ఎకరం వరికో పత్తికో కావలసింది పదుల కిలోల్లో. అంటే జీవామృతం నేలలోని జీవాన్ని కదిలించే తోడు మాత్రమే, అసలు మేత కాదు. మేత పెంట ఎరువు నుంచి, పచ్చిరొట్ట నుంచి, కంది, పెసర వంటి పప్పుధాన్యాల వేళ్ళ నుంచి రావాలి. ఎకరానికి 4 టన్నుల చివికిన పెంట అంటే మడికి ఒక టన్ను. ఆవు రోజుకు 10 కిలోల దాకా పెండ పెడుతుంది, ఏడాదికి మూడున్నర టన్నులు. చివికేసరికి సగమవుతుంది. ఆరు మడులకు ఒక ఆవు సరిపోదు. ఒక ఆవు, ఒక జత ఎద్దులు, మంద కట్టించిన మడి, పచ్చిరొట్ట కలిస్తేనే లెక్క కుదురుతుంది. ఒక్క ఆవుతో ముప్ఫై ఎకరాలని విని వచ్చిన కుర్రవాళ్ళకు ఈ లెక్క మొదటి రోజే వేసి చూపించండి. రెండో ఏడు దిగుబడి పడిపోయాక చెబితే అప్పటికే వాళ్ళు మందుల షాపుకు తిరిగి వెళ్ళి ఉంటారు.

పెంటకుప్ప నేలమీద కొండలాగ పోసి ఎండకు వదిలేయడం మన దగ్గర మామూలు. అది చివకదు, ఎండిపోతుంది. 3 అడుగుల లోతు గుంతలో పొరలుగా వేసి, ప్రతి పొరా తడిపి, పైన మట్టితో మెత్తితే నాలుగైదు నెలల్లో నల్లగా, వాసన లేకుండా అవుతుంది. చివకని పెంట వేస్తే చెదలు, వేరుపురుగు, కలుపు విత్తనాలు మూడూ కలిసి వస్తాయి.

చెరువు మట్టి చల్కకు మంచిదే, తడి నిలుపుతుంది. కానీ బరువు నేలలో పోయకండి, నీళ్ళు దిగక వేరు ఊపిరాడక చస్తుంది. పోసే ముందు భూసార పరీక్ష చేయించండి. మడిలో 8-10 చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, గోడ పక్క నుంచి పలచటి పొర తీసి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అర కిలోకు తేవాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట తీయకూడదు. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ ప్రాంతం వాళ్ళకు దగ్గర. వచ్చిన కాగితంలో ముందు చూడాల్సింది సేంద్రియ కర్బనం. 0.5 శాతానికి తక్కువైతే ఆ మడినే ముందు సెలవుకు పెట్టండి.

మూల, పరిగె, వాటా

పొలం ఓరల దాకా కోయకూడదు, రాలిన పరిగె పేదవాళ్ళకు వదలాలి అనేది లేవీయకాండం మాట. పరిగె ఏరుకోవడం మన ఊళ్ళల్లోనూ పాత అలవాటే, వరికోత మిషన్లు వచ్చాక మరుగున పడింది. మళ్ళీ తేవడానికి ఇదీ పద్ధతి. వరి మడిలో ఒక మూల 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు కోయకుండా వదలాలి. 10 గుంటలంటే వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు కాబట్టి ఇది రెండున్నర శాతం. మడిలో ఆరు క్వింటాళ్ళు పండితే 15 కిలోలు. మిషన్ ఎట్లాగూ మూలల్లో సరిగ్గా తిరగదు. వదలడంతో పని అయిపోదు, ఫలానా రోజు నుంచి ఎవరైనా కోసుకోవచ్చని వాడలో చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ రారు. దొంగతనమంటారేమోనని భయం ఉంటుంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి.

పత్తికి మాత్రం ఈ కట్టుబాటును మార్చుకోవాలి. చేనులో మిగిలిన కాయల్లో గులాబీ పురుగు నిద్రపోయి మరుసటి ఏడు లేస్తుంది. అందుకని పత్తిలో పరిగె డిసెంబరు చివరికల్లా ముగించి, కట్టె పీకి, కాయ మిగలకుండా పశువులతో మేపించాలి. దయతో వదిలిన నాలుగు కాయలు చుట్టుపక్కల చేలన్నిటికీ కీడు చేస్తాయి. గునుగు విషయమూ ఇట్లాంటిదే. బతుకమ్మకు గునుగు, తంగేడు కావాలి, కలుపు మందులు కొట్టిన చోట గునుగు దొరకడమే కష్టమైంది. ఒక గట్టు పొడవునా గునుగును వదిలేయండి, ఆడవాళ్ళు వచ్చి కోసుకుంటారు. సద్దుల బతుకమ్మ అయిన వారంలోపు మిగిలింది కోసేయండి. గింజ రాలితే మరుసటి ఏడు మడంతా అదే.

కళ్ళంలో వరస ఇది: ముందు విత్తనం, తరువాత వాటా, ఆఖరున అమ్మకం. తూర్పారపట్టక ముందే మడి నడుమ నుంచి, తెగులు లేని మొక్కల కంకులు వేరుగా కొట్టి విత్తనం తీయాలి. ఎండు తెగులు సోకిన వరస పక్క నుంచి కంది విత్తనం తీయకండి. పంటి కింద పెడితే కటుక్కున విరిగేదాకా ఎండాలి. పప్పు విత్తనానికి ఎర్రమట్టి పూసి, కుండలో పోసి, పైన రెండు వేళ్ళ మందం ఇసుక పోస్తే పుచ్చు పురుగు లోపలికి పోలేదు.

వాటా ఎంత అనేది మీ నమ్మకాన్ని బట్టి. క్రైస్తవ ఇళ్ళల్లో పదో వంతు. ఇస్లాంలో ఉష్ర్ లెక్క గమనించదగ్గది: వానకు పండితే పదో వంతు, కష్టపడి నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. నీటి ఖర్చును ధర్మంలోనే లెక్కకట్టారు. పాత రోజుల్లో మన కళ్ళాల్లో చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి కొలిచిన మేర కూడా ఇట్లా అమ్మకానికి ముందే పోయేది. ఏదైనా సరే, తూకం వేసి, అదే రోజు ఇచ్చి, పుస్తకంలో రాయండి. తాలు, చెత్త కలిపినదాన్ని దేవుడి వాటా కింద తోసేస్తే నేర్చుకునేవాళ్ళు అది చూస్తారు, మిగిలిందంతా మరిచిపోయినా అది గుర్తు పెట్టుకుంటారు.

వారంలో ఒక రోజు అరక కట్టకపోవడం ఏ ఇంట్లోనైనా పెట్టుకోదగ్గ కట్టుబాటు. కొన్ని ఊళ్ళల్లో సోమవారం ఎద్దులకు సెలవు, క్రైస్తవులకు ఆదివారం. పాలు పితకడం, పశువులకు నీళ్ళు, పొట్ట దశలో వరికి తడి, ఇవి ఆ రోజు కూడా ఆగకూడదని ముందే రాసి పెట్టుకోండి.

పురుగు దగ్గర

పురుగును చంపడం పాపం కదా అని అడిగేవాళ్ళు వస్తారు. దానికి పొలమే జవాబు. ఉన్న పురుగుల్లో సగానికి పైగా మన పైరు జోలికి రావు, సాలీడు, అక్షింతల పురుగు, తూనీగ మన పని చేసిపెడతాయి. రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు కనబడితే మందు అక్కరలేదు. చంపాలా వద్దా అనే ముందు లెక్కపెట్టాలి.

లెక్క పద్ధతి: మడిలో మూలలకు దగ్గరగా నాలుగు చోట్ల, నడుమ ఒక చోట, ఒక్కోచోట నాలుగు మొక్కలు. మొత్తం 20. పత్తిలో ఒక్కో మొక్కకు పైన, నడుమ, కింద ఒక్కో ఆకు తిప్పి చూడాలి. పచ్చదోమ పిల్లలు ఆకుకు రెండు దాటితే చర్య తీసుకోవాలి. గులాబీ పురుగుకు ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతో మగ పురుగులను పట్టేవి), అంటే మడికి ఒకటి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే అది హద్దు. ఎర మూడు నాలుగు వారాలకు మార్చకపోతే బుట్ట ఖాళీగా ఉంటుంది, పురుగు లేదని మోసపోతారు.

వేపగింజల కషాయం 5 శాతం: మడికి 50 లీటర్లు కావాలి, దానికి 2.5 కిలోల గింజల పప్పు. దంచి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, 50 గ్రాముల సబ్బుపొడి కలిపి 50 లీటర్లు చేయాలి. సాయంత్రమే చల్లాలి, ఎండ దాని బలాన్ని విరిచేస్తుంది. గింజలు ఎండాకాలం చివర, మొదటి వానలకు ముందు ఏరి, నీడలో ఆరబెట్టాలి. బూజు పట్టినవీ, పది నెలలు దాటినవీ పనిచేయవు. వేప పనిచేయదని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది పాత గింజ వాడినవాళ్ళు, లేదా మిట్టమధ్యాహ్నం చల్లినవాళ్ళు.

చల్క చేలల్లో మొదటి పెద్ద వాన పడ్డ రెండు మూడు రోజుల్లో బొంత పురుగు రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రుళ్ళు ఊరంతా కలిసి గట్ల మీద మంటలు వేస్తే అవి గుడ్లు పెట్టకముందే మంటల్లో పడతాయి. ఒక్కరు వేస్తే లాభం లేదు. తప్పించుకుని పుట్టిన పురుగులు చేను నుంచి చేనుకు పాకుతుంటే గట్టు పొడవునా జిల్లేడు కొమ్మలు పరిచి, వాటి మీద చేరినవాటిని ఏరేయాలి. లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి 2006 ప్రాంతంలో మందులు లేని ఊరుగా పేరు తెచ్చుకోవడానికి ముందు అక్కడ మొదలైంది ఇట్లాంటి ఉమ్మడి పనితోనే. నేర్చుకునేవాళ్ళను ఒకసారి ఏనబావికి తీసుకుపోవడం పది పాఠాల కన్న మేలు.

బంతి రెండు పనులకు వస్తుంది, బతుకమ్మకు పువ్వు, శనగపచ్చ పురుగుకు ఎర. టమాటలో 16 వరసలకు ఒక వరస, టమాట నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది ఒకేసారి నాటాలి. రెండూ ఒకేసారి పూయడం ముఖ్యం. పువ్వు కోసమే అయితే బతుకమ్మకు 85-90 రోజుల ముందు నారు పోయండి.

నేర్పడం

1989లో ఇండోనేషియాలో వరి సుడిదోమ కోసం మొదలైన, రైతులు పొలంలోనే కలిసి చూసి నేర్చుకునే పద్ధతే మన దగ్గర పొలంబడిగా వచ్చింది. చిన్న కమతంలో దాన్ని ఇంకా చిన్నగా చేయాలి. 12 మంది చాలు. మిరుగం నుంచి దసరా దాకా రెండు వారాలకు ఒకసారి, పొద్దున ఏడింటికి, రెండు గంటలు. నాట్ల వారం పెట్టకండి, ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోజు పెట్టకండి. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు, రావాలని అనుకోకూడదు. పత్తిలో పురుగును ముందు చూసేది కలుపు తీసే ఆడవాళ్ళే కాబట్టి 12 మందిలో సగం వాళ్ళు ఉండాలి. ఇంటికి భార్యో భర్తో ఒకరినే పిలిస్తే రెండో మనిషి ఇంట్లో అడ్డం పడతారు. వీలైతే ఇద్దరినీ పిలవండి.

మొదటి గంట మడిలో. ముగ్గురు ముగ్గురుగా 20 మొక్కలు చూసి, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి, ఎడమ పక్క శత్రువులు, కుడి పక్క మిత్రులు, కింద నేల తడి, పైన వాతావరణం రాయాలి. చదువు రానివాళ్ళు బొమ్మలు గీస్తారు, తరచుగా వాళ్ళ బొమ్మే బాగుంటుంది. తరువాత ప్రతి గుంపూ ఈ వారం ఏం చేయాలో చెప్పాలి. నేర్పే మనిషి ఆఖరున మాట్లాడాలి. మిమ్మల్ని "సారు" అనడం మొదలైతే ప్రశ్నలు తగ్గుతాయి. అన్న, అక్క, బాపు అని ఏ వరస కుదిరితే ఆ వరసతోనే ఉండనివ్వండి.

చేతితో చేసే పరీక్షలు మూడు. సెలవు మడి నుంచి, మందుల చేను నుంచి తెచ్చిన ఎండు మట్టిగడ్డలను రెండు గాజు గ్లాసుల నీళ్ళలో వేసి చూడటం: జీవం ఉన్న గడ్డ నిలుస్తుంది, లేనిది బురదవుతుంది. రెండు వైపులా తెరిచిన డబ్బాను మూడు వేళ్ళ లోతు నేలలోకి కొట్టి, ఒక లీటరు నీళ్ళు పోసి, ఇంకడానికి పట్టిన నిమిషాలు లెక్కపెట్టడం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి వానపాములు లెక్కించడం. అంకెలు వాళ్ళే రాయాలి. పురుగు మిత్రుడో శత్రువో తేలకపోతే ప్లాస్టిక్ డబ్బాకు దోమతెర కట్టి, అందులో పురుగును, ఆకును, పేనును కలిపి వేసి, రెండు రోజుల తరువాత ఎవరు ఎవరిని తిన్నారో చూపించండి.

పోల్చడానికి మీ పొలంలోనే ఒక గుంట మామూలు పద్ధతిలో ఉంచండి. బాగున్న మడినే చూపించే చోట నేర్చుకోవడం ఉండదు. నేర్చుకునేవాళ్ళకు మొదటి ఏడు చెప్పాల్సింది ఒకటే: మీ పొలంలో రెండు గుంటలు. అంతకు మించి వద్దు. ఎకరం మొత్తం ఒకేసారి మార్చినవాళ్ళు దిగుబడి తగ్గిన ఏడే వదిలేస్తారు. మూడో సమావేశం నుంచి పాఠం వాళ్ళలో ఒకరు చెప్పాలి. సీజన్ అయ్యాక ప్రతి ఒక్కరి రెండు గుంటలకూ మీరు వెళ్ళి చూడాలి. ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు, ఎంతమంది తమ చేనులో చేశారన్నదే లెక్క.

నమ్మకం గురించి మొహమాటం లేకుండా ముందే చెప్పేయండి. మాది ఫలానా నమ్మకం, పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు ప్రార్థన, ఇష్టమైనవాళ్ళు నిలబడవచ్చు, మిగిలినవాళ్ళు అంతలో గొడ్ల దగ్గర చూసి రావచ్చు. పాఠానికీ దానికీ లంకె పెట్టకండి. విత్తనం గానీ అంబలి గానీ ప్రార్థనకు వచ్చినవాళ్ళకే అన్న అనుమానం ఒక్కసారి పుడితే సగం ఊరు మళ్ళీ మీ గట్టు ఎక్కదు. సెలవు మడి, పరిగె మూల, వాటా తూకం చూసినవాళ్ళు ఎందుకని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పండి, అడిగినంత మేరకు. పంట పోయిన మనిషికి నీ నమ్మకం చాలలేదని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ ఏడు వాన ఎంత, విత్తిన తేదీ ఏది, పెంట ఎంత వేశాడో అడగండి. చల్కలో నేల బాగా తడిసేంత వాన పడకుండానే పత్తి గింజ పెట్టి ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది.

ఐదు ఇళ్ళు నిలబడ్డాక పీజీఎస్ గుంపు (రైతులే ఒకరికొకరు హామీగా ఉండి సేంద్రియ ధ్రువపత్రం తీసుకునే పద్ధతి) కట్టవచ్చు. కనీసం ఐదు కుటుంబాలు, ప్రతి ఒక్కరి ప్రతిజ్ఞ సంతకం, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేయడం. ధ్రువపత్రానికి ముందు మార్పిడి కాలం గడవాలి. బీటీ పత్తికి ఇది వర్తించదు, జన్యుమార్పిడి విత్తనం ఒప్పుకోరు. కాబట్టి పత్తి మడిని అందులో చేర్చాలంటే బీటీ కాని విత్తనం ముందే వెతుక్కోవాలి, అది షాపుల్లో తేలిగ్గా దొరకదు. చాలా ఇళ్ళు వరి, కంది, పెసర, కూరగాయలతో మొదలుపెట్టి పత్తిని పక్కన పెడతాయి. పక్క పొలం నుంచి మందు గాలికి రాకుండా ఆ వైపు నాలుగు వరసల జొన్న వేయాలి, వాన నీళ్ళు పారి రాకుండా గట్టు ఎత్తు చేయాలి. తనిఖీకి వచ్చిన తోటి రైతులు మొదట చూసేవి ఆ జొన్న వరసలు, ఆ గట్టు.